పిల్లల పుస్తకం పట్టిన పండితుడు

బాలుర కోసం వ్రాసిన కథల పుస్తకాన్ని బాలురు చదవడం లోకసహజం. తలలు నెరసిన పండితులు, కళాశాలాధ్యక్షులు, జమీందారులు, న్యాయవాదులు ఆ పుస్తకాన్నే చేతబట్టి మాట వెంట మాటగా పరీక్షించి, దానికోసం సభలు చేసి, పత్రికలు నడిపి, ప్రభుత్వానికి విన్నపాలు పంపుకోవడం మాత్రం అరుదు. తెలుగుదేశంలో అటువంటి కాలం ఒకటి వచ్చింది. 1911 మొదలు నాలుగైదేండ్లపాటు స్కూలుఫైనలు విద్యార్థి చదివే కథ ఏ తెలుగులో ఉండవలెనన్న ప్రశ్న పెద్దలందరికీ పరీక్ష అయి కూర్చున్నది. ఆ పరీక్షకు అందరికంటె ముందు కూర్చుని, అందరికంటె కష్టపడి చదివిన పెద్దమనిషి గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారు.

వ్యావహారిక భాషోద్యమ నాయకులుగా పంతులుగారి పేరు ఎరుగని తెలుగువారు లేరు. ఆయన జన్మదినమైన ఆగస్టు 29 తెలుగు భాషా దినోత్సవంగా జరుగుతున్నది. అయితే ఆ ఉద్యమం కవుల కోసమో, పత్రికల కోసమో పుట్టలేదు. అది బడిలో పుట్టింది. పలక పట్టిన పిల్లవానికీ, పరీక్షకు కూర్చున్న యువకునికీ కలిగే కష్టాన్ని కండ్లారా చూచిన ఒక ఉపాధ్యాయుని మనస్సులో పుట్టింది. ఈ సంగతి మరచిన నాడు ఆయన జీవితం సగమే అర్థమవుతుంది.

వంశధార ఒడ్డున

పంతులుగారు 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగ క్షేత్రానికి సమీపాన, వంశధారా తీరాన ఉన్న పర్వతాలపేటలో జన్మించారు. తండ్రి వీర్రాజుగారు, తల్లి వెంకమ్మగారు. తండ్రి చోడవరంలో రెవెన్యూ ఉద్యోగి. 1875లో ఆయన కాలంచేయడంతో కుటుంబభారం పన్నెండేండ్ల బాలుని మీద ముందుగానే పడింది. విజయనగరంలో బంధువుల ఇంట ఉంటూ మహారాజావారి ఇంగ్లీషు పాఠశాలలో చేరి, 1879లో మెట్రిక్యులేషను పూర్తిచేశారు. ఆ తరగతిలోనే గురజాడ అప్పారావుగారు ఆయనకు సహాధ్యాయి. ఒకే బల్లమీద కూర్చున్న ఆ ఇద్దరు విద్యార్థులూ ముప్పది యేండ్ల తరువాత ఒకే వాదాన్ని భుజాన వేసుకోవడం తెలుగువారి అదృష్టం.

పైచదువుకు స్తోమతు లేదు. 1880లో ముప్పది రూపాయల జీతంమీద పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో, మొదటి ఫారం పిల్లలకు చరిత్ర చెప్పే ఉపాధ్యాయునిగా కుదిరారు. పగలు పిల్లలకు పాఠం చెప్పడం, రాత్రి తన పాఠం తాను చదువుకోవడం ఆయన నిత్యకృత్యమైనది. అట్లా ప్రైవేటుగా చదివి 1886లో ఎఫ్.ఏ., 1896 నాటికి బి.ఏ. ముగించారు. రాజావారి పాఠశాల కళాశాల అయిన తరువాత కళాశాల తరగతులకు కూడా పాఠాలు చెప్పారు. ముఖలింగంలోని శాసనాలు చదవడానికి లిపిశాస్త్రం స్వయంగా నేర్చుకున్నారు. గురువు దొరకని విద్యను పుస్తకంతోనూ పట్టుదలతోనూ సాధించడం ఆయనకు మొదటినుంచీ అలవాటు.

ఆనాటి పర్లాకిమిడి గంజాం జిల్లాలోని సంస్థానం. దాని చుట్టూ ఉన్న దేశస్వరూపం మనస్సుకు తెచ్చుకుంటేగాని పంతులుగారి దృష్టి ఎట్లా ఏర్పడినదో తెలియదు. తూర్పున సముద్రం. ఆ తీరం పొడుగునా కొబ్బరితోటలతో చల్లగా ఉండే ఉద్దానం. నౌపడలో ఉప్పుమడులు. అక్కడి నుంచి టెక్కలి మీదుగా పర్లాకిమిడి వరకు 1900లో రాజావారు వేయించిన పాతికమైళ్ళ చిన్న రైలుమార్గం. పడమట, ఉత్తరాన మహేంద్రగిరి పంక్తులు. ఆ కొండలలో సవరలు. పలాస, మందస, టెక్కలి, పాతపట్నం పరిసరాల పల్లెలలో తెలుగు, ఒరియా, సవర ఈ మూడు భాషలూ ఒకే సంతలో వినబడతాయి. తీరాన పుట్టిన పిల్లవాడు త్వరగా రమ్మనడానికి బేగి రమ్మంటాడు, విడిచిపెట్టమనడానికి ఒగ్గేయమంటాడు. బడిలో వానిచేతికి వచ్చే పుస్తకంలో మాత్రం ఆ మాటలు లేవు. అవి లేకపోవడం సరే, వాని తండ్రి మాటలాడేవీ, వానికి పాఠం చెప్పే పంతులు ఇంట్లో మాటలాడేవీ కూడా లేవు.

సవర గురువు, తెలుగు శిష్యుడు

తెలుగు పుస్తకాల సంగతికి పూర్వమే పంతులుగారికి ఈ సత్యం కొండలలో గోచరించింది. సవరలకు చదువు చెప్పవలెనన్న కోరిక ఆయనకు యౌవనంలోనే కలిగింది. వారికి తెలుగులోనో, ఒరియాలోనో చెప్పితే అది చదువు కాజాలదని ఆయన గ్రహించారు. అందుకని ముందు తానే శిష్యుడైనారు. తెలుగు, సవర రెండూ వచ్చిన ఒకరిని ఇంటనే ఉంచుకొని, ఒక్కొక్క మాటా వల్లించి ఆ భాష నేర్చుకున్నారు. లిపి లేని భాష అది. వ్యాకరణం లేదు, నిఘంటువు లేదు. వినడం, వ్రాసుకోవడం, మళ్ళీ విని దిద్దుకోవడం తప్ప మరొక దారి లేదు.

అట్లా నేర్చినదానిని పండితలోకానికి చూపి పేరు తెచ్చుకోవడం ఆయన మొదటి పని కాలేదు. సవర పిల్లల కోసం వారి భాషలో పుస్తకాలు వ్రాశారు. స్వంత డబ్బుతో బడులు పెట్టి, ఉపాధ్యాయులకు జీతాలు తానే ఇచ్చారు. మద్రాసు ప్రభుత్వం ఈ కృషికి పారితోషికమిస్తామంటే, ఆ డబ్బు తనకు వద్దనీ దానితో సవరలకు మంచి బడి పెట్టవలసినదనీ కోరారు. 1913లో ప్రభుత్వం ఆయనను రావుబహదూర్ బిరుదంతో గౌరవించింది. దశాబ్దాల శ్రమకు ఫలంగా 1931లో ఆయన సవర భాషా గ్రంథాన్ని మద్రాసు ప్రభుత్వం అచ్చువేసింది. నిఘంటువులు కూడా వెలువడ్డాయి.

ఈ సేవకు ఆయన చెల్లించిన మూల్యం తక్కువ కాదు. అడవులలో తిరిగి మలేరియా తెచ్చుకున్నారు. జ్వరానికి వాడిన క్వినైను చెవులను పోగొట్టింది. మనుష్యుల నోట పలికే మాటకోసం జీవితమంతా ధారపోసిన వ్యక్తికి ఆ మాట వినే శక్తి క్షీణించింది. ఆయన మాత్రం ఎదుటివాని మాట పట్టుదలతో వింటూనే ఉన్నారు.

దొర అడిగిన ప్రశ్న

1907 ప్రాంతంలో ఉత్తర కోస్తా జిల్లాల పాఠశాలలకు పర్యవేక్షణాధికారిగా జె. ఏ. యేట్సు వచ్చారు. ఆయన తెలుగు నేర్చుకుంటున్న విదేశీయుడు. బడులలో బాలుర చేత చదివిస్తున్న తెలుగుకూ బయట జనం మాటలాడే తెలుగుకూ ఇంత వ్యత్యాసమేమని ఆయనకు సందేహం కలిగింది. విశాఖపట్నం ఎ.వి.ఎన్. కళాశాల అధ్యక్షులు పి. టి. శ్రీనివాస అయ్యంగారిని అడిగారు. దేశభాషలలో విద్య గురించి 1909లో ఒక గ్రంథమే వ్రాసిన విద్వాంసులు అయ్యంగారు. ఆయన ద్వారా ఆ ప్రశ్న గురజాడవారికి, గిడుగువారికి చేరింది. నలుగురి ఆలోచనా కలిసి ఉద్యమమైనది.

ఆ ప్రశ్న ఎంత లోతైనదో నేటివారికి తెలియాలంటే ఆనాటి విద్యార్థి కష్టం కొంత వివరించవలసి ఉంటుంది. పరవస్తు చిన్నయసూరి 1853లో నీతిచంద్రిక, 1858లో బాలవ్యాకరణం ప్రకటించారు. మొదటిది మృగపక్షుల కథలతో మిత్రలాభ, మిత్రభేదాలను చెప్పే సొగసైన వచనం. రెండవది సూత్రనిర్మాణంలో అపూర్వమైన వ్యాకరణం. రెండూ విద్యార్థుల కోసం ఉద్దేశించినవే. సూరిగారి ప్రతిభ కాదనరానిది. చిక్కు ఎక్కడ వచ్చిందంటే, ఆ వచనం చదివి ఆనందించడంతో సరిపెట్టక, దేశంలోని ప్రతి బాలుడూ ఆ వ్యాకరణం ప్రకారమే వ్రాయవలెనన్న నియమం ఏర్పడింది.

బాలుడు వాడు అని పలుకుతాడు. వ్రాసేటప్పుడు వాఁడు అని అరసున్న చేర్చాలి. ఆ అరసున్నను ఆనాటికే ఎవ్వరూ పలకడం లేదు. ఎక్కడ ఉండాలో చెవి చెప్పదు, నిఘంటువు చెప్పాలి. రెండు రకాల రేఫలు ఉన్నాయి. పలుకుబడిలో భేదం పోయి ఎంతో కాలమైంది, వ్రాతలో మాత్రం ఏ మాటకు ఏది అన్నది వల్లె వేయాలి. వచ్చెను, కదా అన్న రెండు మాటలు పక్కపక్కన వస్తే వచ్చెఁగదా అని మార్చాలి. చేస్తున్నాడు అన్నది తప్పు, చేయుచున్నాడు అన్నది ఒప్పు. తన భావాన్ని చెప్పుకోవడానికి కలం పట్టిన పదునైదేండ్ల కుర్రవాడు భావాన్ని విడిచి, తప్పులు దొర్లకుండా కాచుకోవడంలో పరీక్షాకాలమంతా గడుపుతాడు. ఉద్దానంలో కొబ్బరితోటల నడుమ పుట్టినవాడు తన తోటను గురించి వ్యాసం వ్రాయమంటే, తన తోటలో తనకు తెలిసినదేదీ వ్రాయలేక, పుస్తకంలోని ఉద్యానవర్ణన ఎత్తి వ్రాస్తాడు. భాషకు పట్టిన ఈ రోగం మనస్సుకు పడుతుందని పంతులుగారు గ్రహించారు.

పెద్దల చేతిలో పిల్లల పుస్తకం

పంతులుగారు 1911లో ముప్పదియేండ్ల ఉద్యోగం ముగించుకున్నారు. విశ్రాంతి తీసుకోవలసిన వయస్సులో అసలు పని మొదలయింది. 1912-13లో స్కూలుఫైనలు పరీక్షలో వ్యాసం కావ్యభాషలోగాని ఆధునిక భాషలోగాని వ్రాయవచ్చునని అధికారులు ప్రకటించారు. ఆధునిక భాషకు మాదిరులుగా చూపిన గ్రంథాలలో ఏనుగుల వీరాస్వామిగారి కాశీయాత్ర చరిత్ర ఉన్నది. విద్యార్థులకు పనికివచ్చే కొత్త పుస్తకాలు కూడా ఆధునిక భాషలో వెలువడ్డాయి. వానిలో శెట్టి లక్ష్మీనరసింహంగారి గ్రీకు పురాణ కథలు ముఖ్యమైనది. వీరుల సాహసాలతో యువకుల మనస్సును ఆకర్షించగల కథలు అవి.

ఆ పుస్తకాలను పెద్దలు చదివారు. చదివి అదరిపడ్డారు. జయంతి రామయ్యపంతులుగారి పూనికతో 1911లో చెన్నపట్నంలో ఏర్పడిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు గ్రాంథికభాషకు కోట అయినది. రామయ్యపంతులుగారు విద్వాంసులు, భాషాభిమానులు. సూర్యరాయాంధ్ర నిఘంటువు వంటి మహాకార్యానికి కారకులు. ఆయన వాదాన్ని తేలికగా తీసివేయడం న్యాయం కాదు. మాటలాడే తెలుగు ఊరికొక తీరున ఉంటుంది. టెక్కలి బాలుడు వ్రాసినది కడప బాలునికి తెలియకపోతే తెలుగుజాతి ముక్కలవుతుంది. నన్నయనాటి నుంచి వచ్చిన సాహిత్యానికీ రాబోయే తరానికీ నడుమ వంతెన కూలిపోతుంది. ఇదీ గ్రాంథికవాదుల భయం. తమ పిల్లలు పూర్వుల ఆస్తికి వారసులు కాకుండా పోతారేమో అన్న ఆ ఆందోళనలో నిజాయితీ ఉంది.

గిడుగువారు ఇచ్చిన సమాధానం రెండు విధాలుగా ఉన్నది. మొదటిది, ఆయన కోరినది ఊరూరి యాసను కాదు. చదువుకున్నవారు ఒకరితో ఒకరు ముచ్చటించేటప్పుడు, ఉత్తరాలు వ్రాసుకునేటప్పుడు వాడే శిష్టవ్యవహారాన్ని. ఆ భాష జిల్లాల హద్దులు దాటి అందరికీ తెలుస్తూనే ఉన్నది. రెండవది ఇంకా పదునైనది. గ్రాంథికమే ప్రమాణమనే పెద్దలు తాము దానిని తప్పులేకుండా వ్రాయగలుగుతున్నారా అన్నది ఆయన ప్రశ్న.

ఈ ప్రశ్నకు సమాధానం వెదకడానికి పంతులుగారు పూనుకున్న పఠనం అసాధారణమైనది. వయస్సు ఏబదికి చేరువవుతున్నది. పర్లాకిమిడిలో కూర్చుని, బాలుర కోసం, పాఠశాలల కోసం పేరుపొందిన పండితులు రచించిన వచనాన్ని ఆయన చదవసాగారు. వ్యాకరణం ఒక చేత, పుస్తకం ఒక చేత. ఏ సూత్రం ప్రకారం విద్యార్థికి మార్కులు కోస్తున్నారో ఆ సూత్రాన్ని పండితుడు ఎక్కడెక్కడ అతిక్రమించాడో ఎత్తి వ్రాశారు. అరసున్న తప్పినచోటు, సంధి తప్పినచోటు, గ్రాంథికంలో లేని రూపాన్ని గ్రాంథికమనుకొని సృష్టించినచోటు, ఒక్కటీ వదలలేదు. ఈ శ్రమ ఆంధ్ర పండిత భిషక్కుల భాషా భేషజం అన్న గ్రంథమైంది. పేరు చమత్కారంగా ఉన్నా దాని వెనుక ఉన్న తర్కం చాలా సూటి. జీవితమంతా వ్యాకరణానికి అంకితం చేసిన పెద్దలకే సాధ్యం కానిదానిని పదునైదేండ్ల కుర్రవానికి విధించడం ధర్మమా?

పంతులుగారి చదువు అక్కడితో ఆగలేదు. వచనం ఎప్పుడూ వ్యాకరణబద్ధంగానే ఉండేదన్న మాటను కూడా పరీక్షకు పెట్టారు. శాసనాలు, పాత వ్యాఖ్యానాలు, కైఫియ్యతులు వెదకి, వ్యవహారరూపాలు పూర్వులు నిస్సంకోచంగా వాడినారని గద్యచింతామణిలో నిరూపించారు. బాలకవి శరణ్యంలో, లాక్షణికులు తప్పన్న రూపాలు ప్రాచీన కవులలో ఉన్నవని ఉదాహరించి చూపారు. ఆ గ్రంథం పేరులోనే ఆయన హృదయం ఉన్నది. అప్పుడే కలం పట్టి, పెద్దల గద్దింపులకు బెదరే పిల్ల కవికి తానే శరణమై నిలిచారు. శత్రువుల ఆయుధశాలలోకి వెళ్ళి వారి ఆయుధాలతోనే వారిని ఎదుర్కొన్నారని ఆయన విషయంలో చెప్పవచ్చు. గ్రాంథికాన్ని కాదన్న ఆయనకు గ్రాంథికం రాదని ప్రత్యర్థులెవ్వరూ అనలేకపోయారు.

ఓటమి

1913లో ఆయన ఆధునిక తెలుగును సమర్థిస్తూ ఇంగ్లీషులో ఒక విజ్ఞాపన ప్రకటించారు. 1914లో గురజాడవారు మద్రాసు విశ్వవిద్యాలయానికి తమ అసమ్మతి పత్రాన్ని సమర్పించారు. ఎన్ని ఆధారాలు చూపినా అధికారబలం ఎదుటి పక్షానే నిలిచింది. విద్యార్థికి దొరికిన ఆ కొద్దిపాటి స్వేచ్ఛా కొద్ది కాలంలోనే పోయింది. 1915 నవంబరు 30న గురజాడవారు కన్నుమూశారు. బాల్యమిత్రుడూ, సమరంలో సహచరుడూ పోయాడు. పంతులుగారు ఇంచుమించు ఒంటరివారైనారు.

మరొకరైతే అక్కడితో విరమించి సవర నిఘంటువుతో కాలక్షేపం చేసేవారు. పంతులుగారు పట్టణాలు తిరగసాగారు. ఎవరు పిలిచినా వెళ్ళేవారు. సంచినిండా పుస్తకాలు, మనస్సునిండా ప్రయోగాలు. చెవుడు అడ్డమైనా సభలలో గంటలతరబడి ఉపన్యసించేవారు. 1919లో రాజమహేంద్రవరంలో వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజం ఏర్పడినప్పుడు దానికి అధ్యక్షులైనవారు కందుకూరి వీరేశలింగంగారు. ఇది సామాన్య విషయం కాదు. సూరిగారి అడుగుజాడలలో విగ్రహ, సంధులను రచించి, గ్రాంథిక వచనానికి తాము ఒక స్తంభమై నిలిచిన వీరేశలింగంగారు, జీవితపు చివరి నెలలలో తమ పూర్వమార్గాన్ని తామే దిద్దుకున్నారు. పెద్దవారు మళ్ళీ విద్యార్థి కావడానికి ఇంతకంటె మంచి నిదర్శనం లేదు. ఆ ఏటి మే నెలలోనే ఆయన అస్తమించారు. పంతులుగారు తెలుగు అనే పత్రికను స్థాపించి కొంతకాలం నడిపారు.

వాదం నెమ్మదిగా గెలవసాగింది. కథకులు, నవలాకారులు వ్యావహారికాన్ని చేపట్టారు. పర్లాకిమిడిలో ఆయన శిష్యులైన తాపీ ధర్మారావుగారు పత్రికా సంపాదకులై జనవాణి ద్వారా ఆ భాషను పాఠకుల ఇంటింటికీ చేర్చారు. కుమారులు సీతాపతిగారు సవర భాషాకృషిలో తండ్రికి తోడై నిలవడమేగాక, పిల్లలకు హాయిగా పాడుకోదగిన గేయాలు వ్రాశారు. తండ్రి వాదించి చూపినదానిని కుమారుడు బాలగేయాలలో ఆచరించి చూపారు. 1933లో పంతులుగారి డెబ్బదియేండ్ల పండుగకు విద్వాంసులు వ్యాససంపుటిని కానుకగా సమర్పించారు. 1934లో కైజర్-ఇ-హింద్ పతకం, 1938లో ఆంధ్ర విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణ బిరుదం వచ్చాయి.

పర్లాకిమిడి వీడి

గౌరవాల నడుమ గుండె కోసే దుఃఖం కూడా వచ్చింది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడింది. పర్లాకిమిడి దానిలో చేరింది. ఆ విభజనను పంతులుగారు శక్తికొలది ప్రతిఘటించారు. ఫలించలేదు. 1880 నుంచి ఏబదియారేండ్లు తనదిగా భావించిన ఊరు విడిచి, డెబ్బదిమూడవ యేట రాజమహేంద్రవరానికి తరలిపోయారు. సరిహద్దు గీత మహేంద్రతనయా పరిసరాలలో పడింది. పాతపట్నం, టెక్కలి, పలాస ఇటు మిగిలాయి, ఆయన ఇల్లు అటు మిగిలింది. ఏ మాటా తనదికాదని త్రోసివేయకూడదని చెప్పినవాడు తన ఊరినే విడిచిరావలసి వచ్చింది.

1940 జనవరి 15న చెన్నపట్నంలో ప్రజామిత్ర కార్యాలయంలో పత్రికాసంపాదకులను కలుసుకున్నారు. పత్రికలు జీవద్భాషను చేపట్టినందుకు సంతోషించారు. విద్యాశాఖ, విశ్వవిద్యాలయాలు మాత్రం పాతదానినే పట్టుకుని ఉన్నందుకు బాధపడ్డారు. అది ఆయన తుది సందేశమైనది. వారం తిరగగానే, జనవరి 22న, పరమపదించారు.

ఆ సందేశంలోని విషాదం ఆలోచించదగినది. పంతులుగారు ఎవరికోసం పోరాడారో వారికి ఫలం దక్కలేదు. పెద్దలకు దక్కింది. పత్రిక చదివే గృహస్థుకు సుబోధమైన తెలుగు వచ్చింది. నవల చదివే గృహిణికి వచ్చింది. ఆయన మరణించిన రెండు నెలలకు, 1940 మార్చిలో, పలాసలో అఖిల భారత కిసాన్ సభ జరిగింది. రైతును కదిలించదలచినవానికి రైతుకు తెలిసే మాట తప్ప గత్యంతరం లేదు. బడిలోని బాలుడు మాత్రం పరీక్షాపత్రంలో అరసున్నల కోసం తడుముకుంటూనే ఉన్నాడు. విశ్వవిద్యాలయాల తలుపులు వ్యావహారికానికి నిండుగా తెరచుకోవడానికి ఇంకా మూడు దశాబ్దాలు పట్టింది.

మిగిలిన పాఠం

నేడు పాఠ్యపుస్తకాలన్నీ వాడుకభాషలోనే ఉన్నవి. సవర పిల్లలకు వారి భాషలో తొలి వాచకాలు 2004లో ప్రభుత్వపాఠశాలలలో ప్రవేశించాయి. పంతులుగారు స్వంత జీతంతో చేసిన పని ఒక శతాబ్దం తరువాత ప్రభుత్వకార్యమైంది. అంతటితో ఆయన పని ముగిసినదని అనుకోరాదు. పుస్తకంలోని తెలుగు మారింది. దానిని చదివే పెద్దలు తగ్గిపోయారు. పిల్లవానికి పుస్తకం కొని ఇవ్వడంతో తమ బాధ్యత తీరినదనుకునే తల్లిదండ్రులు అన్నిచోట్లా ఉన్నారు. ఆ పుస్తకంలో ఏమున్నదో, ఏ మాటలో ఉన్నదో, ఏ కథ తమ బిడ్డ మనస్సులో నాటుకుంటున్నదో తెలుసుకొనేవారు అరుదు.

శిష్టవ్యవహారమన్న పంతులుగారి హద్దును కూడా కాలం కొంత విస్తరింపజేసింది. శ్రీకాకుళం జిల్లాకే చెందిన కాళీపట్నం రామారావుగారి వంటి కథకులు ఈ ప్రాంతపు పల్లె మాటను నిండు గౌరవంతో సాహిత్యంలోకి తెచ్చారు. ఆయన 1997లో శ్రీకాకుళంలో స్థాపించిన కథానిలయంలో తెలుగు కథలు భద్రంగా ఉన్నవి. బేగి అన్న మాట ఇక తప్పు కాదు. అది తప్పు కాకపోవడానికి తొలి గొడ్డలివేటు వేసినవారు గిడుగువారే.

నౌపడ నుంచి పర్లాకిమిడికి పోయే చిన్న బండి నేడు లేదు. ఆ మార్గాన పెద్ద లైను నడుస్తున్నది. టెక్కలిలో బండి ఎక్కిన విద్యార్థి ఒడిలో తెరచిన కథల పుస్తకం ఉంటే, పక్కన కూర్చున్న పెద్దవారు ఒక్కసారి దానిలోకి తొంగిచూచి, ఒక పుట తామూ చదవడంలో చిన్నతనమేమీ లేదు. ఏబదియేండ్ల వయస్సులో పిల్లల పుస్తకం చేతబట్టి ఒక మహాపురుషుడు ఒక జాతి వ్రాతనే మార్చివేశాడు. పలాస జీడిపప్పు కార్ఖానాలో పనిచేసి సాయంకాలం ఇంటికి వచ్చిన తల్లి, పిల్లవాని వాచకం అందుకొని కథ పూర్తిగా చదవగలిగిందంటే, అందులో ప్రతి మాటా తనదే అనిపించిందంటే, పర్వతాలపేట పంతులుగారి ఋణం కొంత తీరినట్లే.